అద్దె పెంచుతామంటున్నారు: ఉన్న ఇంట్లోనే ఉండాలా, మారాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఈ ఫ్లాట్‌లో రెండేళ్లుగా ఉంటున్నారు. ఇంకో రెండు నెలల్లో అగ్రిమెంట్ ముగుస్తుంది. 12 శాతం పెంచితేనే రెన్యువల్ చేస్తానని ఓనర్ అంటున్నారు. బాత్రూమ్‌ను ఆనుకుని ఉన్న బెడ్‌రూమ్ గోడకు చెమ్మ పట్టింది, రెండుసార్లు చెప్పినా ఆయన పట్టించుకోలేదు. ఇంతలో దాదాపు ఇంతే సైజున్న మరో ఫ్లాట్ దొరికింది. మీరు ఇప్పుడు కడుతున్న అద్దె కంటే 4 శాతమే ఎక్కువ, కానీ ఆఫీసుకు ఇప్పటి కంటే ఇరవై నిమిషాలు దూరం. ఉండాలా, మారాలా అని అడుగుతున్నారు.

సూటిగా చెప్పాలంటే: అద్దె తేడా ఒక్కటే కారణమైతే మారకండి. చెమ్మను దాని మూలం దగ్గర బాగు చేయిస్తానని ఓనర్ రాసిచ్చి, పెంపును 8 శాతం దగ్గరికి దించితే రెన్యువల్ చేసుకోండి. రిపేరుకు ఒప్పుకోకపోతే మారండి. అయితే ఆ దూరపు ఫ్లాట్‌కు కాదు, ఇంకోటి వెతకండి.

అద్దె ఇళ్ల వ్యవహారాలు చూడటమే నా వృత్తి. ఓనర్ల తరఫున ఇళ్లు అద్దెకివ్వడం, అగ్రిమెంట్లు రాయించడం, ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ లెక్కలు తేల్చడం చాలా ఏళ్లుగా చేస్తున్నాను. రెన్యువల్ సమయంలో ఓనర్ మనసులో ఏ లెక్క నడుస్తుందో, అద్దెకున్నవాళ్లు ఎక్కడ తొందరపడతారో రోజూ చూస్తుంటాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ముందు డబ్బు సంగతి. శాతాల్లో ఆలోచిస్తే విషయం సరిగ్గా కనపడదు. అన్నిటినీ "ఎన్ని నెలల అద్దె" అన్న కొలతలోకి మార్చండి. ఏడాదికి పన్నెండు నెలలు కాబట్టి 8.33 శాతం పెంపు అంటే సరిగ్గా ఒక నెల అద్దె అదనంగా కట్టడం. 12 శాతం అంటే దాదాపు నెలన్నర. ఇప్పటి మీ అద్దె 100 అనుకోండి. రెన్యువల్ చేస్తే 112, కొత్త ఫ్లాట్ అయితే 104. నెలకు 8 మిగులుతుంది, ఏడాదికి 96. అంటే ఇల్లు మారితే ఏడాదికి మిగిలేది ఒక నెల అద్దె కంటే కాస్త తక్కువే.

ఇప్పుడు మారడానికయ్యే ఖర్చు చూడండి. బ్రోకర్ కమీషన్, సామాన్లు తరలించే బండీ మనుషులూ, కొత్త అగ్రిమెంట్ ఖర్చులు ఎలాగూ మనసులో ఉంటాయి. లెక్కలోకి రాకుండా జారిపోయేవి వేరే ఉన్నాయి. పాత ఇల్లు నెలాఖరుకు ఖాళీ చేయాలి, కొత్తదేమో పదిహేనో తేదీ నుంచే ఇస్తామంటారు, దాంతో రెండు వారాలు రెండు అద్దెలు పడతాయి. ఈ కిటికీల కొలతకు కుట్టించిన కర్టెన్లు ఆ కిటికీలకు సరిపోవు. ఏసీ ఊడదీసి మళ్లీ బిగించడం, గ్యాస్ నింపడం, ఇంటర్నెట్ కనెక్షన్ మార్చడం, పెట్టే సెలవులు. పాత డిపాజిట్ చేతికి రాకముందే కొత్త డిపాజిట్ కట్టాలి. అది ఖర్చు కాకపోయినా ఆ నెలలో జేబు ఖాళీ అవుతుంది. ఇవన్నీ కలిపితే నేను చూసిన చాలా కేసుల్లో నెలన్నర నుంచి రెండు నెలల అద్దె దాకా తేలింది. మీ లెక్క మీరు వేసుకోండి, నా అంకెను నమ్ముకోకండి.

నెలన్నర అంటే 150. నెలకు 8 చొప్పున మిగిలితే అది వెనక్కి రావడానికి పందొమ్మిది నెలలు పడుతుంది. రెండు నెలల అద్దె ఖర్చయితే ఇరవై ఐదు నెలలు. ఆలోగా కొత్త ఓనర్ కూడా కనీసం ఒకసారి పెంచుతారు. మీరు బేరమాడి 12ను 8కి దించుకుంటే తేడా నెలకు 4కు పడిపోతుంది, అప్పుడు ఖర్చు తిరిగి రావడానికి మూడేళ్లు దాటుతుంది. అక్కడ మూడేళ్లు ఉంటారని మీకు నమ్మకం ఉందా?

ఈ లెక్కకు ఒక మినహాయింపు ఉంది. ప్రతి ఏడాదీ 12 శాతం పెంచే ఓనర్ అయితే మూడు పెంపులకు అద్దె 36 శాతం కాదు, 40 శాతం పెరుగుతుంది, ఎందుకంటే పెరిగిన అద్దె మీద మళ్లీ పెరుగుతుంది. అదే 5 శాతం చొప్పున అయితే మూడు పెంపులకు 16 శాతం లోపే. కాబట్టి ఈ ఏడాది ఎంత అన్నదాని కంటే వచ్చే రెండేళ్లు ఎంత చొప్పున పెంచుతారో ఇప్పుడే తేల్చుకోవడం ముఖ్యం. ఆ మాట అగ్రిమెంట్‌లో ఉండాలి, ఫోన్‌లో చెప్తే సరిపోదు.

ఇక ఓనర్ వైపు చూద్దాం. మీ బేరానికి బలం అక్కడే ఉంది. ఫ్లాట్ ఒక్క నెల ఖాళీగా పడి ఉంటే ఓనర్‌కు ఏడాది ఆదాయంలో 8.33 శాతం పోయినట్టే. మీరు వెళ్లిపోతే సున్నాలు వేయించాలి, చిన్నా చితకా రిపేర్లు చేయించాలి, కొన్నిచోట్ల బ్రోకర్‌కు ఓనర్ కూడా కమీషన్ ఇవ్వాలి. వచ్చేవాళ్లు ఎలాంటివాళ్లో తెలియదు. నెలనెలా టైముకు అద్దె కట్టి, పొరుగువాళ్లతో గొడవల్లేకుండా రెండేళ్లు ఉన్నవాళ్లను 4 శాతం కోసం వదులుకోవడం ఓనర్‌కు నష్టమే. ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే మెత్తబడిన ఓనర్లను చాలామందిని చూశాను. 12 అని మొదట చెప్పేది తరచుగా బేరానికి పెట్టే అంకె. ఎదురు మాట్లాడకుండా ఒప్పుకునేవాళ్లు ఉంటారని ఆశ, అంతే.

అయితే మీ ఏరియాలో ఇళ్లు దొరకడమే కష్టంగా ఉండి, బోర్డు పెట్టిన రెండో రోజుకే అద్దెకు పోతున్నాయంటే ఈ బలం తగ్గిపోతుంది. అది తెలుసుకోవడం కష్టం కాదు. మీ బిల్డింగ్‌లో, పక్క బిల్డింగుల్లో మీలాంటి ఫ్లాట్లు ఎంతకు పోతున్నాయో, ఎన్నాళ్లు ఖాళీగా ఉంటున్నాయో వాచ్‌మన్‌నో, ఈ మధ్యే దిగినవాళ్లనో అడగండి. ఆన్‌లైన్‌లో కనిపించేవి ఓనర్లు అడిగే అద్దెలు, కుదిరిన అద్దెలు కావు. ఆ రెండింటికీ తేడా ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ ప్రశ్నలో అద్దె గురించి ఐదు వాక్యాలున్నాయి, చెమ్మ గురించి ఒక్కటే. నా దృష్టిలో దాన్ని తిరగేయాలి.

ఇంటి సమస్యలు రెండు రకాలు. మాట్లాడుకుంటే, డబ్బు పెడితే పోయేవి కొన్ని: అద్దె, రిపేర్లు, గీజర్, పాడైన తలుపులు. ఏం చేసినా పోనివి కొన్ని: దూరం, వెలుతురు, రోడ్డు చప్పుడు, పైఅంతస్తు వాళ్ల నడక, మాటకు నిలబడని ఓనర్. మొదటి రకం కోసం ఇల్లు మారితే డబ్బు దండగ. రెండో రకాన్ని భరిస్తూ రెన్యువల్ చేసుకుంటే ఆరోగ్యం దండగ. మీ చెమ్మ మొదటి రకమా, రెండో రకమా? రెండుసార్లు చెప్పినా చేయించలేదంటున్నారు కాబట్టి అది గోడ సమస్యగా మొదలై ఓనర్ సమస్యగా మారే దారిలో ఉంది.

ముందు ఆ చెమ్మ ఎక్కణ్ణుంచి వస్తోందో మీరే కొంతవరకు పట్టుకోవచ్చు. చెమ్మ ఉన్నచోట గోడను పొడిగుడ్డతో తుడిచి, రెండు జానల ప్లాస్టిక్ షీట్‌ను నాలుగు వైపులా టేపుతో గాలి చొరబడకుండా అంటించండి. ఒకటి రెండు రోజులు ఆగి తీయండి. షీట్‌కు గోడవైపున నీటి బొట్లు ఉంటే నీరు గోడ లోపలి నుంచి వస్తోందని అర్థం. గదివైపున తడి ఉండి గోడవైపు పొడిగా ఉంటే గదిలో గాలి ఆడక తేమ గోడ మీద పేరుకుంటోంది. దానికి కిటికీ తెరవడం, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టడం చాలు. గోడ మీద తెల్లటి పొడి రాలుతుంటే, చేత్తో రుద్దితే ఉప్పులా అంటుకుంటుంటే అది లోపలి నుంచి వచ్చిన నీరు ఆరిపోతూ వదిలిన లవణాలు. అంటే నీరు చాలాకాలంగా నడుస్తోందన్నమాట.

మీది బాత్రూమ్ గోడ కాబట్టి ఇంకోటి కూడా చేయండి. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, నీటి మీటర్ ఉంటే రీడింగ్ రాసుకుని, రాత్రంతా వాడకుండా పొద్దున్నే చూడండి. అంకె కదిలితే గోడలోని పైపు కారుతోందనే అనుమానించాలి. కదలకపోతే స్నానం చేసినప్పుడు టైల్స్ సందుల్లోంచి దిగుతుండొచ్చు, పైఫ్లాట్ నుంచి కూడా రావచ్చు. ఇది ఎందుకు ఇంతగా చెబుతున్నానంటే, ఓనర్లు సామాన్యంగా చేసేది ఆ మచ్చ మీద పుట్టీ పెట్టి రంగు వేయించడం. ఆరు నెలల్లో మళ్లీ పెచ్చులు ఊడతాయి. మీరు అడగాల్సింది రంగు కాదు, నీరు వచ్చే చోట రిపేరు. పైపు జాయింటా, టైల్స్ సందులా, వాటర్‌ప్రూఫింగా అన్నది ప్లంబర్ చూసి తేల్చాలి. మూలం ఆగాక గోడను పూర్తిగా ఆరనిచ్చి అప్పుడు రంగు వేయాలి. బూజు పట్టిన గదిలో పడుకోవడం ఉబ్బసం, అలర్జీ ఉన్నవాళ్లకు, చిన్నపిల్లలకు మంచిది కాదు. మీ ఇంట్లో అలాంటివాళ్లు ఉంటే ఇది బేరసారాల్లో ఒక అంశం కాదు, మొదటి షరతు.

ఆ దూరపు ఫ్లాట్ వద్దని ఎందుకు అంటున్నానో చెబుతాను. పోను ఇరవై, రాను ఇరవై అంటే రోజుకు నలభై నిమిషాలు. నెలకు ఇరవై రెండు పనిదినాలకు 880 నిమిషాలు, దాదాపు పదిహేను గంటలు. ఏడాదికి 176 గంటలు, అంటే ఎనిమిది గంటల లెక్కన ఇరవై రెండు పనిదినాలు. ఒక నెల అద్దె కూడా మిగలని చోట ఒక నెల పనిదినాలంత కాలం రోడ్డు మీద పోతుంది. బ్రూనో ఫ్రై, అలోయిస్ స్టుట్జర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు జర్మనీ కుటుంబాల సమాచారాన్ని పరిశీలించి 2008లో ప్రచురించిన పరిశోధనలో తేలింది కూడా ఇదే. ప్రయాణం పెరిగినకొద్దీ జనం జీవితంలో సంతృప్తి తక్కువని చెప్పారు, దానికి బదులుగా దక్కిన చవక ఇల్లో, మంచి జీతమో ఆ లోటును పూర్తిగా పూడ్చలేదు. మీరు వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పనిచేసేవారైతే నా ఈ అభ్యంతరం సగానికి పైగా తగ్గిపోతుంది. అది మీరు ప్రశ్నలో రాయలేదు.

చప్పుడు విషయంలోనూ అంతే. "అలవాటైపోతుందిలే" అనుకుని రోడ్డు పక్కన ఇల్లు తీసుకునేవాళ్లుంటారు. నీల్ వైన్‌స్టీన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొత్త హైవే పక్కన ఉంటున్నవాళ్లను అది తెరిచిన కొన్ని నెలలకు ఒకసారి, ఏడాది తర్వాత మళ్లీ అడిగి చూశారు. 1982లో ప్రచురించిన ఆ ఫలితాల్లో చిరాకు తగ్గిన జాడ లేదు. నా అనుభవమూ అదే. గది చిన్నదైతే మనుషులు సర్దుకుంటారు, వంటగది ఇరుకైతే సర్దుకుంటారు. రాత్రి నిద్ర చెడగొట్టే చప్పుడుకు సర్దుకున్నవాళ్లు నాకు పెద్దగా తారసపడలేదు.

రెండు కేసులు చెబుతాను. ఒక కుటుంబం ఓనర్ మీద కోపంతో ఖాళీ చేసింది. పెంపు 7 శాతమే. ఓనర్ మాట తీరు వాళ్లకు నచ్చలేదు. మారిన ఇంట్లో అద్దె కొంచెం తక్కువే కానీ పిల్లల స్కూల్ బస్సు అటు రాదు. ఆటోకు పెట్టిన డబ్బు పెంపును మించిపోయింది. ఏడాది తిరక్కుండానే మళ్లీ పాత ఏరియాలోకి వచ్చారు, ఇంకా ఎక్కువ అద్దెకు. రెండుసార్లు సామాన్లు కట్టారు, రెండుసార్లు కమీషన్ ఇచ్చారు.

ఇంకొకరిది దీనికి పూర్తిగా తలకిందులు. కింద షట్టర్‌లో వెల్డింగ్ పని నడిచే బిల్డింగ్‌లో మొదటి అంతస్తులో ఒక ఆవిడ ఉండేవారు. రాత్రి డ్యూటీలు, పగలు నిద్రపోవాలి. ఓనర్ చాలా మంచివాడు, అద్దె పెంచేవాడే కాదు. ఆ ఒక్క కారణంతో ఏటా రెన్యువల్ చేసుకుంటూ వచ్చారు. చివరికి ఆవిడే నాతో "అద్దె తక్కువని ఉన్నానండీ, అసలు నేను ఎప్పుడైనా సరిగ్గా పడుకున్నానా?" అన్నారు. లోపలి వైపున్న ఫ్లాట్ ఒకటి 15 శాతం ఎక్కువకు ఇప్పించాను. అద్దె గురించి ఆవిడ మళ్లీ ఎప్పుడూ మాట్లాడలేదు.

ఇలా ఉన్నచోటే ఉండిపోవడానికి మనిషి స్వభావం కూడా ఒక కారణం. ఉన్న స్థితిని మార్చడానికి మనసు మొగ్గదని శామ్యూల్సన్, జెక్‌హౌజర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1988లోనే ప్రయోగాలు చేసి చూపించారు. అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లను ఒక ప్రశ్న అడుగుతాను. "మీరిప్పుడు ఈ ఇంట్లో లేరనుకోండి. ఇల్లు వెతుకుతూ వచ్చి దీన్ని చూశారు. ఈ లోపాలన్నీ తెలిసి, ఈ కొత్త అద్దెకు దిగుతారా?" దిగుతాను అని వెంటనే వస్తే రెన్యువల్ చేసుకోండి. సందేహం వస్తే ఆ సందేహానికి కారణమేమిటో ఒక్క మాటలో చెప్పుకోండి. ఆ మాట "చెమ్మ" అయితే ఓనర్‌తో మాట్లాడాలి. "దూరం" అయితేనో "భయం" అయితేనో మాట్లాడి లాభం లేదు.

మాట్లాడే ముందు పాత అగ్రిమెంట్ తీసి చదవండి. చాలామంది సంతకం పెట్టిన రోజు తర్వాత దాన్ని తెరవరు. పెంపు ఎంతో అందులోనే రాసి ఉండొచ్చు. 5 శాతమని ఉండగా నోటిమాటగా 12 అడిగిన ఓనర్లు నాకు ఎదురయ్యారు. నోటీసు ఒక నెలా రెండు నెలలా, గడువు ముగిశాక దానంతటదే కొనసాగుతుందా, రెన్యువల్ చేస్తే మళ్లీ లాక్-ఇన్ (ఫలానా గడువులోపు ఖాళీ చేయకూడదన్న షరతు) మొదలవుతుందా, డిపాజిట్ కూడా పెంచాలా, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఎంత కోస్తారు, ఇవి చూడాలి. నోటీసు రెండు నెలలైతే మీకు ఈ వారమే ఆఖరు గడువు కావచ్చు. కొన్నిచోట్ల అద్దె పెంపుకు, నోటీసుకు చట్టమే హద్దులు పెడుతుంది. మీరున్నచోట అలాంటిదేమైనా ఉందేమో స్థానిక లాయర్‌ను ఒకసారి అడగడం మంచిది.

ఓనర్‌కు ఫోన్ చేసి గొడవ పడకండి. ముందు మెసేజ్ పంపండి, తర్వాత కలవండి. ఇలా రాస్తే చాలు:

"నమస్కారమండీ. ఇంట్లోనే కొనసాగాలని మాకూ ఉంది. రెండేళ్లుగా అద్దె ఏ నెలా ఆలస్యం చేయలేదని మీకు తెలుసు. బెడ్‌రూమ్ గోడ చెమ్మకు ప్లంబర్‌ను పిలిపించి మూలం దగ్గర రిపేరు చేయిస్తే, 7 శాతం పెంపుతో రెండేళ్లకు అగ్రిమెంట్ రాసుకోవడానికి సిద్ధం. రెండో ఏడాది పెంపు కూడా ఇప్పుడే రాసుకుందాం. ఫొటోలు పంపుతున్నాను. పదో తేదీలోగా చెబితే మేమూ దాన్నిబట్టి ఏర్పాటు చేసుకుంటాం."

7 అని మొదలుపెడితే 8 దగ్గర ఆగుతుంది. రెండేళ్ల మాట ఇవ్వడం ఓనర్‌కు నచ్చుతుంది, కానీ ఉద్యోగం మారే అవకాశం ఉంటే ఆ మాట ఇవ్వకండి, లాక్-ఇన్ మీ మెడకే చుట్టుకుంటుంది. అద్దె అసలు తగ్గనంటే తగ్గనని ఆయన భీష్మించుకుంటే రిపేరు, పెయింటింగ్ కోత రద్దు, పార్కింగ్ లాంటివి అడగండి. నెలవారీ అంకె తగ్గించడానికి ఇష్టపడని ఓనర్లు ఒక్కసారి పెట్టే ఖర్చుకు తేలిగ్గా ఒప్పుకుంటారు. రిపేరు పూర్తయ్యాకే కొత్త అగ్రిమెంట్ మీద సంతకం పెట్టండి. ముందే పెడితే ఆ గోడ వచ్చే రెన్యువల్ దాకా అలాగే ఉంటుంది.

ఏ పెంపూ లేకపోయినా మారిపొమ్మని నేను చెప్పే సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఇల్లు అమ్మకానికి పెట్టి, కొనేవాళ్లను తెస్తూ రెన్యువల్ మాటను దాటవేస్తుంటే. చెప్పకుండా తాళం తీసి లోపలికొచ్చే ఓనర్ అయితే. కరెంటు వైరింగ్‌లో షాక్ కొడుతున్నా పట్టించుకోకపోతే. వీటిలో ఏది ఉన్నా లెక్కలు వేయొద్దు.

పదో తేదీకి జవాబు రాకపోతే మూడో ఇల్లు వెతకడం మొదలుపెట్టండి. చూసే ఇంటికి రెండుసార్లు వెళ్లండి, ఒకసారి పగలు, ఒకసారి రాత్రి ఎనిమిది తర్వాత. వంటగది కుళాయి, షవర్ రెండూ ఒకేసారి తిప్పి ప్రెషర్ చూడండి. అల్మారాల వెనక, కిటికీల కింద, బాత్రూమ్ అవతలి గోడ మీద చెయ్యి పెట్టండి. కొత్తగా రంగు వేసిన ఒక్క గోడ కనిపిస్తే ఎందుకని అడగండి. గది మధ్యలో నిలబడి తలుపులు వేసి ఫోన్ చేసి చూడండి. వీలైతే అక్కడ ఖాళీ చేసి వెళ్తున్నవాళ్లతో ఐదు నిమిషాలు మాట్లాడండి, ఓనర్ పక్కన లేనప్పుడు. డిపాజిట్ విషయంలో ఆయన ఎలాంటివాడో వాళ్లకే తెలుస్తుంది.

కొత్త అగ్రిమెంట్ మీద సంతకాలు అయ్యేవరకు పాత ఇంటికి నోటీసు ఇవ్వకండి. నోటీసు గడువు అడ్డొస్తే కొన్ని రోజుల రెండు అద్దెలు భరించడమే నయం, ఇల్లు లేకుండా పోవడం కంటే. ఖాళీ చేసే రోజు సామాన్లన్నీ తీశాక గది గదికీ వీడియో తీయండి, ఆ చెమ్మ గోడతో సహా. లేదంటే దాన్ని మీ ఖాతాలో రాస్తారు. మామూలు వాడకంతో వెలిసిన రంగుకు, మీరు చేసిన నష్టానికి తేడా ఉంది. మొదటిదానికి డిపాజిట్‌లో కోత పెట్టడం న్యాయం కాదని మర్యాదగానే చెప్పండి. కరెంటు, నీటి మీటర్ల రీడింగులు ఓనర్ ముందే రాసి ఇద్దరూ సంతకం చేయండి, తాళాలు ఇచ్చేటప్పుడు డిపాజిట్ ఏ తేదీకి వస్తుందో అదే కాగితం మీద రాయించుకోండి.